వాతావరణ సూచన చూసి నీళ్లు ఆపే డ్రిప్ పెట్టె: ఏడాది పైగా వాడాక నా మాట

మాది అనంతపురం జిల్లా, నార్పల మండలం. మూడెకరాల చీనీ (బత్తాయి) తోట, 330 చెట్లు, ఒకే బోరు. మా ఆయన లారీ మీద పోతారు, నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండరు. తోట పని నేను, మా మామ చూసుకుంటాం. పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా డ్రిప్‌కు ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించాం. బిగింపుతో కలిపి 38,500 రూపాయలైంది. దాని మీద ఏటా 2,400 కట్టాలి, సిమ్‌కూ యాప్‌కూ అని. ఇంత డబ్బు పెట్టే ముందు నాకు చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. ఇదే రకం పెట్టెలు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు. పేరుకన్నా అది ఎలా పనిచేస్తుందో తెలియడం ముఖ్యం.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి. మా బోరు 620 అడుగులు. దానికి ముందు వేసిన రెండూ ఎండిపోయాయి. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి గడియారం చూస్తే మూడు నిమిషాలకు నిండుతుంది. అంటే గంటకు నాలుగు వేల లీటర్లు. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కొక్కటి గంటకు 8 లీటర్లు. మూడు గంటలు వదిలితే చెట్టుకు 96 లీటర్లు అందుతాయి. ఎకరానికి 110 చెట్లు కాబట్టి ఒకసారికి ఒక ఎకరానికే నీళ్లు చాలుతాయి. మూడు ఎకరాలు తడపాలంటే తొమ్మిది గంటలు. కరెంటు వచ్చేదీ ఆ తొమ్మిది గంటలే. కాబట్టి మా దగ్గర వృథా అంటే ఏదో పైపు కారడం కాదు. ఒక ఎకరానికి ఎక్కువ పోయిందంటే ఇంకో ఎకరానికి లేనట్టే.

పెట్టె రాకముందు మా మోటారుకు ఆటో స్టార్టర్ ఉండేది. కరెంటు రాగానే దానంతట అదే మోటారు ఆన్ అవుతుంది. మా చుట్టుపక్కల తోటలన్నిటికీ ఇదే. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని కాలంలో అలవాటైంది, ఇప్పటికీ ఎవరూ తీయలేదు. వాన పడినా మోటారు తిరుగుతుంది. పైపు ఊడినా తిరుగుతుంది. ఇంట్లో పెళ్లయినా చావయినా తిరుగుతూనే ఉంటుంది. మా ప్రాంతంలో నీళ్లు ఎక్కడ పోతున్నాయని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ స్టార్టర్ డబ్బానే చూపిస్తాను.

ఈ విషయంలో పెట్టెకు నూటికి నూరు మార్కులు వేస్తాను. ఎకరానికొక కరెంటు వాల్వు బిగించారు. మూడు గంటలు కాగానే మొదటిది మూసుకుని రెండోది తెరుచుకుంటుంది. మూడు గంటలకోసారి పోయి గేటు వాల్వు తిప్పే పని పోయింది. పైపులో ఒత్తిడి తగ్గితే మోటారు ఆపేసి ఫోన్‌కు మెసేజ్ పెడుతుంది. జూన్‌లో ఒక రోజు మెయిన్ పైపు చివర మూత ఎగిరిపోయింది. నేను ఊళ్లో డ్వాక్రా మీటింగులో ఉన్నాను. ఫోన్ మోగింది, చూసేసరికి మోటారు ఆగి ఉంది. తోటకు పోయి చూస్తే గట్టు దగ్గర రెండు చాపలంత మేర తడి ఉంది, అంతే. అంతకు రెండేళ్ల ముందు అదే మూత ఊడినప్పుడు సాయంత్రం దాకా ఎవరమూ చూడలేదు. ఆ రోజు 36 వేల లీటర్లు పక్క చేలోకి పోయాయి. ఉడతలు లేటరల్ పైపు (చెట్ల వరస వెంట పోయే సన్న డ్రిప్ పైపు) కొరికిన చిన్న చిన్న కంతల్ని మాత్రం ఇది పట్టలేదు. వాటికి మనిషి వరస వెంట నడవాల్సిందే.

ఇక మేము ఈ పెట్టె కొనడానికి అసలు కారణమైన ఫీచర్ గురించి. అమ్మేటప్పుడు దీని గురించే ఎక్కువ చెప్పారు. వాతావరణ సూచనను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని, మీ తోటలో వాన పడబోతుంటే ఆ రోజు నీళ్లు తనే ఆపేస్తుందట. 'ఒక్క బొట్టు కూడా వృథా కాదక్కా' అన్నాడు బిగించడానికి వచ్చిన అబ్బాయి. వినడానికి ఎంత బాగుందో! యాప్ తెరిస్తే మా ఊరి పేరు, దాని కింద మబ్బు బొమ్మ, పక్కన శాతం. ఐదు మిల్లీమీటర్ల పైన వాన పడే అవకాశం 60 శాతం దాటితే నీళ్లు బంద్. ఇది వాళ్లు ముందే పెట్టి ఇచ్చిన సెట్టింగు. నేను మార్చలేదు.

ఏప్రిల్ చివరి వారం. కాయలు గోలీ సైజు దాటి చిన్న నిమ్మకాయంత అయ్యాయి. ఎండ 41, 42. చీనీకి బెట్ట (నీటి ఎద్దడి) అసలు తగలకూడని సమయం అది. సోమవారం పొద్దున యాప్‌లో మబ్బు బొమ్మ, 70 శాతం. నీళ్లు ఆగాయి. సాయంత్రం నిజంగానే పడమర నల్లగా కమ్మింది, ఉరిమింది, గాలి లేచింది. మాకు రెండు కిలోమీటర్ల అవతలి ఊళ్లో దంచి కొట్టింది. మాకు మట్టి వాసన మాత్రమే వచ్చింది. మంగళవారం మళ్లీ 65 శాతం, మళ్లీ బంద్. బుధవారం కూడా అంతే. మూడు రోజులు చెట్లకు చుక్క నీరు లేదు. నేనెందుకు చూసుకోలేదంటే, యాప్‌లో పాత రోజుల లెక్క చూస్తే 'నిన్న మీ పొలంలో 12 మి.మీ. వాన' అని రాసి ఉంది. అది చూసి పై చేలో ఎంతో కొంత పడి ఉంటుందని అనుకున్నాను. మా మామకు మోకాళ్ల నొప్పి, ఆ వారం తోటకు రాలేదు.

గురువారం పొద్దున పోయి ఒక చెట్టు పాదులో చెయ్యి పెట్టాను. మాది ఎర్ర గరప నేల. పైన జానెడు లోతు తవ్వితే మామూలుగా మట్టి చేతికి చల్లగా తగులుతుంది, పిడికిట్లో నొక్కితే ముద్దవుతుంది. ఆ రోజు వేళ్ల సందుల్లోంచి పిండిలా జారిపోయింది. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. పాదు నిండా పచ్చి కాయలు రాలి ఉన్నాయి. ఒక్క చెట్టు కింద ఏరితే 43. ఏటా ఎంతో కొంత రాలుతుంది, కాదనను. కానీ ఇలా ఒకేసారి రాలడం మా తోటలో నేను చూడలేదు. వెంటనే యాప్‌లో వాన సెట్టింగు తీసేసి మోటారు వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసిన సంగతి ఇది. ఆ యాప్‌లో 'నిన్న పడిన వాన' అని చూపించేది కొలిచిన వాన కాదు. నిన్నటి సూచననే ఈ రోజు నిజమన్నట్టు చూపిస్తుంది. కస్టమర్ కేర్‌కు నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఐదోసారి ఒకాయన ఒప్పుకున్నాడు. నాకు ఈ పెట్టె మీద ఉన్న అతి పెద్ద ఫిర్యాదు ఇదే. సూచన తప్పడాన్ని అర్థం చేసుకోగలను. కానీ పడని వానను పడినట్టు రాయడం రైతును మోసం చేసినట్టే. చిన్న అక్షరాల్లోనైనా 'ఇది అంచనా' అని రాసి ఉంటే బుధవారం పొద్దునే నేను తోటకు పరిగెత్తేదాన్ని.

ఆ మే నెలలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చీనీ రైతులకు శిక్షణ పెడితే వెళ్లాను. మధ్యలో నిలబడి నా గోడు చెప్పుకున్నాను. అక్కడి మేడమ్ ఓపికగా వివరించారు. కంప్యూటర్ వాతావరణాన్ని లెక్కగట్టేటప్పుడు నేలను గళ్లు గళ్లుగా విడదీసుకుంటుందట. ఒక్కో గడికి ఒక్క అంకె. మన వాతావరణ శాఖ వాడుతూ వచ్చిన గడి 12 కిలోమీటర్లు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో అది 6 కిలోమీటర్లకు తగ్గింది. పన్నెండు కిలోమీటర్ల గడి అంటే లెక్క వేసి చూడండి, 35 వేల ఎకరాలు. అందులో నా మూడెకరాలు ఎక్కడో ఒక మూల. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు లేచే క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బు వెడల్పు చాలాసార్లు కొన్ని కిలోమీటర్లే ఉంటుంది. అది గడిలో ఎక్కడైనా కురవవచ్చు. యాప్‌లో మా ఊరి పేరు కనిపించగానే సూచన మా ఊరికే చెప్పారని నమ్మాను. నిజానికి గడికి చెప్పిన అంకె మీద మా ఊరి పేరు అతికించారు.

ఆ రోజు నేర్చుకున్న ఇంకో సంగతి అందరికీ పనికొస్తుంది. రేడియోలో చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, 'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'అనేక చోట్ల' వర్షాలు కురిసే అవకాశం ఉందని. తప్పినా మాట పడకుండా అలా చెబుతారని నేను అనుకునేదాన్ని. కాదు, అవి కొలతలు. ఒక ప్రాంతంలో ఉన్న వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందంటే 'ఒకటి రెండు చోట్ల'. సగం దాకా అయితే 'కొన్ని చోట్ల'. ముప్పావు దాకా 'అనేక చోట్ల'. అలాగే 'తేలికపాటి' అంటే 2.5 నుంచి 15.5 మి.మీ., 'మోస్తరు' అంటే 15.6 నుంచి 64.4, ఆపైన 'భారీ'. ఇప్పుడు 'ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు' అనే మాటను నా తోటకు పెట్టి చూడండి. నాలుగింట మూడొంతులు నాకు పడనే పడదు. పడితే రెండున్నర మిల్లీమీటర్లు కావచ్చు, అరవై కావచ్చు. రెండున్నర అయితే ఎండకు మధ్యాహ్నానికే ఆవిరైపోతుంది. అరవై అయితే వారం దాకా మోటారు వేయనక్కర్లేదు. ఇంత తేడా ఉన్న మాట మీద వాల్వు ఎలా మూస్తాం?

అదే వాతావరణ శాఖ సూచన పెద్ద ఎత్తున వచ్చే వానలకు ఎంత నమ్మదగ్గదో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. మా చెల్లెల్ని బాపట్ల వైపు ఇచ్చాం. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అది నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య దాటుతుందని రెండు మూడు రోజుల ముందే చెప్పారు. కోసి పనల మీద ఉన్న వరిని వాళ్లు ఆ రెండు రోజుల్లో కుప్ప వేసుకున్నారు. తుపాను వందల కిలోమీటర్ల మేర ఉంటుంది, గడి ఎంత పెద్దదైనా అందులో కనబడుతుంది. మా ఏప్రిల్ మబ్బు అలా కనబడదు. సూచన మంచిదా చెడ్డదా అని అడిగే ముందు ఏ వానకు, ఎన్ని రోజుల ముందు, ఎంత మేరకు అని అడగాలి.

శిక్షణ నుంచి వస్తూ అనంతపురంలో 350 రూపాయలకు ప్లాస్టిక్ వానమాపకం కొన్నాను. దాన్ని చెట్లకు దూరంగా, మోటారు షెడ్డు నీడ పడని చోట గుంజకు కట్టాను. పొద్దున ఎనిమిదిన్నరకు చూసి, నోటు పుస్తకంలో రాసి, పారబోయాలి. వాతావరణ శాఖ వాళ్లూ పొద్దున ఎనిమిదిన్నరకే చూస్తారు. కొనలేని వాళ్లకు ఒక మాట. నిలువుగా, పైనా కిందా ఒకే వెడల్పు ఉన్న టిన్ను ఏదైనా సరే బయట పెట్టి, అందులో నిలిచిన నీళ్లను పిల్లల స్కేలుతో కొలవండి. ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే అన్ని మిల్లీమీటర్ల వాన. బకెట్ పనికిరాదు, దాని మూతి వెడల్పు.

సెప్టెంబర్‌లో పెట్టెకు ఇంకో అవకాశం ఇద్దామని వాన సెట్టింగు మళ్లీ ఆన్ చేశాను. వానాకాలంలోనైనా సరిగా చెబుతుందేమోనని. ఆ నెలాఖరులో ఒక రాత్రి ఆగకుండా కురిసింది. యాప్‌లో ఆ రాత్రికి ఒక మిల్లీమీటరు అని ఉంది. పొద్దున ఆరుకు కరెంటు రాగానే పెట్టె యథాప్రకారం మొదటి వాల్వు తెరిచింది. మా అమ్మకు ఒంట్లో బాగాలేక నేను ఆ రోజు తాడిపత్రిలో ఉన్నాను. మా మామ వానమాపకం చూసి ఫోన్ చేశారు.

'అమ్మా, నలభై ఆరు ఉందే. మోటారు తిరుగుతాంది, ఆపమంటావా?'

'ఆపండి మామా' అన్నాను. కానీ పెట్టె తలుపు తాళం నా దగ్గర ఉండిపోయింది. ఫోన్లోంచి ఆపుదామంటే ఆస్పత్రిలో నెట్ రాలేదు. సాయంత్రం దాకా తిరిగింది. మూడెకరాల మీద 46 మి.మీ. అంటే ఐదున్నర లక్షల లీటర్లు. ఆకాశం అంత ఇచ్చిన తెల్లారే, 620 అడుగుల లోతు నుంచి 36 వేల లీటర్లు తోడి దాని మీద పోశాం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చీనీకి తడి ఎక్కువైతే వేరుకుళ్లు, బంక తెగులు పట్టుకుంటాయి. అక్టోబర్‌లో రెండు చెట్ల మొదట్లో బంక కారింది. ఆ ఒక్క రోజు వల్లే అని అనను. కానీ ఆ రోజు పోసిన నీళ్లు చెట్టుకు మేలు చేయలేదని మాత్రం ఖాయంగా చెబుతాను. ఇప్పుడు తాళం మోటారు షెడ్డులోనే మేకుకు వేలాడుతుంది.

అప్పుడు ఆ కంపెనీ అబ్బాయే మళ్లీ వచ్చి ఒక మంచి పని చేశాడు. పెట్టె లోపల రెయిన్ సెన్సర్‌కు చోటు ఉందని చూపించాడు. మొదట్లోనే ఎందుకు చెప్పలేదు బాబూ అంటే, అడిగేవాళ్లు తక్కువక్కా అన్నాడు. సెన్సర్ 4,200. లోపల చిన్న తక్కెడ లాంటిది ఉంటుంది. ఒక చెంచాలో నీళ్లు నిండగానే అటు వాలుతుంది, రెండో చెంచా పైకి వస్తుంది. ఒక్కసారి వాలితే 0.2 మి.మీ. అని లెక్క. పెట్టె ఆ వాలడాలను లెక్కబెట్టుకుంటుంది. సూచన సెట్టింగు పూర్తిగా తీసేసి, పడిన వానను బట్టి నీళ్లు ఆపేలా పెట్టుకున్నాం. ఎనిమిది మిల్లీమీటర్లు దాటితే ఒక రోజు, ఇరవై దాటితే మూడు రోజులు. ఆ తర్వాత ఎన్నాళ్లు ఆపాలో నేను పాదులో చెయ్యి పెట్టి చూసి నిర్ణయిస్తాను. ఈ లెక్క మా గరప నేలకు. నల్లరేగడి వాళ్లు ఇంకా ఎక్కువ రోజులు ఆపుకోవచ్చు. మా మామ తరం వాళ్లు మిల్లీమీటర్లు అనరు, 'పదును వాన' అంటారు. నాగలి దిగేటంత లోతుకు తడిస్తేనే వాన కింద లెక్క. ఆయన పదునుకూ నా ఇరవై మిల్లీమీటర్లకూ చాలాసార్లు కుదురుతుంది.

సెన్సర్ పెట్టాక అక్టోబర్, నవంబర్‌లో పదకొండు రోజులు మోటారు వేయలేదు. ప్రతి ఒక్కటీ నిజంగా వాన పడిన తర్వాతే. పదకొండు రోజులంటే దాదాపు నాలుగు లక్షల లీటర్లు బోరులోనే ఉన్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదంతా పడే సగటు వానే 550 మి.మీ. చిల్లర. అందులో పడిన ప్రతి మిల్లీమీటరునూ లెక్కలో పెట్టుకోకపోతే ఇక ఈ పెట్టెలు ఎందుకు?

వాతావరణ సూచనను నేను వదిలేయలేదు. ఇప్పుడు దాన్ని వేరే పనులకు వాడుతున్నాను. వాతావరణ శాఖ వాళ్ల మేఘదూత్ యాప్ ఉచితం, తెలుగులో ఉంది. మంగళవారం, శుక్రవారం వ్యవసాయ సలహాలు, రాబోయే ఐదు రోజుల అంచనా వస్తాయి. మందు కొట్టాలన్నా, డ్రిప్‌లో ఎరువు వదలాలన్నా, కోతకు కూలీలను పిలవాలన్నా అది చూస్తాను. ఆ రోజు వాన ఉందంటే మందు ఒక రోజు వెనక్కి జరుపుతాను. సూచన తప్పినా పోయేది ఒక రోజే, కాయ రాలిపోదు. పిడుగులకు దామిని యాప్ పెట్టుకున్నాను. ఉరుము వినబడగానే కూలీలను చెట్ల కింద నిలబడనివ్వను. ఇవన్నీ తప్పితే తట్టుకోగలిగే పనులు. ఏప్రిల్ నెలలో చీనీ చెట్టుకు నీళ్లు అలాంటి పని కాదు.

కొనాలనుకునే వాళ్లకు: పెట్టె కొనండి, ముఖ్యంగా ఆటో స్టార్టర్ మీద బతుకుతున్న తోట అయితే. వాల్వులు, ఒత్తిడి చూసి మోటారు ఆపడం, ఫోన్‌కు మెసేజ్, వీటికే ఆ 38,500 ఇవ్వవచ్చు. నేను ఐదుకు నాలుగు ఇస్తాను. వాన సూచన ఫీచర్‌కు ఒకటి. ఆ ఒకటి కూడా దాన్ని తీసేసే వీలు ఇచ్చినందుకు. బేరం ఆడేటప్పుడే రెయిన్ సెన్సర్ కలిపి ధర చెప్పమనండి. పాత రోజుల వాన ఎక్కడి నుంచి వస్తుందో, కొలిచిందా అంచనానా అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. తాళం చెవులు రెండు తీసుకోండి.

ఇంకొక్కటి. యాప్ అప్‌డేట్ అయినప్పుడల్లా సూచన సెట్టింగు దానంతట అదే మళ్లీ ఆన్ అవుతోంది. నాకు ఇప్పటికి మూడుసార్లు అయింది. కంపెనీకి రాశాను, సరిచేస్తాం అన్నారు, ఇంకా చేయలేదు. అందుకని ప్రతి నెలా ఒకటో తారీఖున పాల లెక్క చూసుకునేటప్పుడే అదీ తెరిచి చూస్తున్నాను. ఈ నెల కూడా ఆన్ అయి ఉంది. తీసేశాను.